కప్పు కోసం ఆగని దేవుడు

పోర్టో ఎంపెదోక్లె రేవు,
సిసిలీ లంక,
1925 మార్చి 20

పూజ్యులైన మావ అప్పలస్వామి మేస్త్రీ గారి పాదాలకి మేనల్లుడు కూర్మనాథం దండాలు.

నేను బాగున్నాను. ఈ ఉత్తరం మీకు చదివి వినిపించేవారు కూడా బాగున్నారని తలుస్తాను. వారి పేరు రాయడం మర్యాద కాదు గనక రాయడం లేదు. కాని చదివేవారు నేను రాసిన ముక్క ఒక్కటి కూడా మింగెయ్యకుండా, గొంతు పెంచి, అరుగు కింద కూచున్న మన జట్టువాళ్ళకి కూడా వినబడేలా చదవాలని మనవి. ఆవిడ కట్టి ఇచ్చిన మాగాయ ఏడెన్ రేవుదాకా వచ్చింది. ఆ తరవాత జాడీ వాసన చూసుకుంటూ అన్నం తింటున్నాం. ఉత్తరం కాబట్టి మిమ్మల్ని మీరు అంటున్నాను మావా, ఎదురుగా ఉంటే నువ్వనే అంటాను. అలవాటు లేని మర్యాద నాలుగు వాక్యాలకే ఆయాసం తెప్పిస్తోంది.

మా ఓడ ఇక్కడ గంధకం ఎక్కించుకోడానికి ఆగింది. రేవంతా పసుపే. గుట్టలు పసుపు, దుమ్ము పసుపు, కూలీల కనుబొమ్మలు కూడా పసుపు. మన వీధి అచ్చయ్య నాతోపాటే కళాసీగా ఓడెక్కాడు కదా, వాడు రేవుని చూసి "ఏటి బావూ, ఊరందరికీ పెళ్ళినలుగు పెట్టీసినారా?" అన్నాడు. నవ్వాం గాని సాయంత్రానికి కళ్ళు మండి అందరం ఏడిచాం. ఇక్కడి కూలీలు గంధకాన్ని భుజాన మోసి ఎక్కిస్తారు. వాళ్ళ నడక చూస్తే బర్మాలో, మన రంగం రేవులో, బోటటౌంగ్ జెట్టీ మీద మనవాళ్ళ నడకే. మెడ కదలదు, మోకాళ్ళు కొంచెం వంగుతాయి, కళ్ళు ముందున్నవాడి మడమ మీద ఉంటాయి. మాట తెలియని దేశంలో మొట్టమొదట నాకు అర్థమైంది ఆ నడకే.

ఓడకి కూరగాయలు తెచ్చే ఆసామి ఒకడున్నాడు. పోర్ట్ సెయిద్‌లో కొన్నాళ్ళు బతికాడట. అతనికీ నాకూ వచ్చిన ఇంగ్లీషు ఒకటే బాపతు, అంచేత మాటలు బాగా కలిశాయి. మా ఓడని కట్టిన రాతికట్ట మీద కూచుని, ఇంతేసి రాళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చారయ్యా అని అడిగాను. అతను కొండవైపు చెయ్యి చూపించి "దేవుడి ఇంటి నించి" అన్నాడు. రెండువేల ఏళ్ళు దాటిందట, గ్రీకువాళ్ళు ఇక్కడ ఒక పెద్ద గుడి మొదలెట్టారట. పూర్తికాకుండానే ఆగిపోయిందట. అది కూలాక దాని రాళ్ళు కొన్ని మోసుకొచ్చి ఈ రేవుకట్ట కట్టారట. పూర్తికాని గుడి అన్న మాట వినేసరికి నా గుండెలో ఏదో కలుక్కుమంది. ఎందుకో మీకు తెలుసు. ఆదివారం మా కళాసీల పెద్ద సారంగుని బతిమాలి సెలవు తీసుకుని, అచ్చయ్యనీ ఆ ఆసామినీ వెంటబెట్టుకుని గాడిదబండి మీద వెళ్ళాను.

జిర్జెంటి అనే ఊరు కొండ మీద ఉంది. ఊరికీ సముద్రానికీ మధ్య గట్టు మీద పాత గుళ్ళు. అందులో ఒకటి స్తంభాలతో సహా చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. చాలా బాగుంది, చూసి దండం పెట్టి వచ్చాం. కాని నా మనసు దోచుకున్నది నిలబడ్డ గుడి కాదు మావా, పడిపోయిన గుడి. మొదట అది గుడి అనుకోలేదు, కొండ చరియ విరిగిందనుకున్నాను. ఒక్కొక్క రాయి మన ఇంటి వంటగది అంత ఉంది. రాళ్ళ సందుల్లో అంజూరపు మొక్కలు, పచ్చటి పూలు, మేకలు. స్తంభాలకి నిలువునా గాడులు చెక్కారు. ఆ గాడి ఎంత వెడల్పు ఉంటుందో చెబితే నమ్మరని అచ్చయ్యని తీసుకెళ్ళి అందులో నిలబెట్టాను. వాడు ఒంటితో సహా పట్టేశాడు. చేతులు జోడించి కళ్ళు మూసుకుని "నన్నిక్కడే పెతిష్ట సేసీండి బావూ, ఇంక నాను ఓడెక్కను" అన్నాడు. ఒక స్తంభంలో ఒక గాడి, ఆ గాడిలో ఒక మనిషి. అలాంటి స్తంభాలు గుడి చుట్టూరా నిలబడితే ఎలా ఉండేదో ఊహించుకోబోతే నాకు కళ్ళు తిరిగాయి. ఎంత ధైర్యం ఉండాలి అలాంటిది తలపెట్టడానికి!

అక్కడ కావలికి ఒక ముసలాయన ఉన్నాడు. నోట్లో పళ్ళు తక్కువ, నవ్వు ఎక్కువ. ఆయన నా చెయ్యి పట్టుకుని రాళ్ళ మధ్యకి తీసుకెళ్ళి ఒకచోట నిలబెట్టాడు. చూద్దును గదా, నేల మీద వెల్లకిలా ఒక రాతిమనిషి పడుకుని ఉన్నాడు. ముక్కలుగా పడి ఉంటే ఎవరో పూర్వం ఏరి, వరసగా పేర్చి పడుకోబెట్టారట. పొడుగెంతో తెలుసుకుందామని నేను అతని పక్కన పడుకున్నాను, అచ్చయ్య నా కాళ్ళ దగ్గర పడుకున్నాడు, ఆసామి అచ్చయ్య కాళ్ళ దగ్గర, ముసలాయన ఆసామి కాళ్ళ దగ్గర. అందరం అయిపోయినా రాతిమనిషి ఇంకా మిగిలాడు. మొహం వానకీ గాలికీ అరిగిపోయింది. కాని చేతులు ఉన్నాయి మావా. రెండు మోచేతులూ పైకి మడిచి తల వెనక్కి పెట్టుకున్నాడు. మెడ కొంచెం ముందుకి వంచాడు. గుడి పైభాగం బరువు అలాంటి మనుషుల మీదే ఆనేలా కట్టారట, స్తంభానికీ స్తంభానికీ మధ్య ఒక్కొక్కణ్ణి నిలబెట్టి.

ఆ చేతులు నాకు తెలుసు. బస్తా నెత్తి మీదికి వచ్చాక జారకుండా మనం పెట్టే చేతులవి. మీరు నాకు జెట్టీ మీద మొదటిరోజు నేర్పిన పట్టు అది. "మెడకి సెప్పకు, మోచేతికి సెప్పు" అన్నారు గుర్తుందా? ఆ పట్టు ఆ శిల్పికి తెలుసు. దేవుడి గుడికి రాజుల బొమ్మలు పెట్టుకోవచ్చు, ఏనుగుల్ని పెట్టుకోవచ్చు. మోసేవాణ్ణి పెట్టాలని, అదీ కొండంతవాణ్ణి చేసి పెట్టాలని తోచినవాడెవడో గాని వాడికి నా సాష్టాంగ నమస్కారం. ఆ గుడికి రాళ్ళు మోసింది యుద్ధంలో పట్టుబడ్డవాళ్ళట. ఈ బొమ్మలు వాళ్ళవేనని కొందరంటారట. అయుండొచ్చు. నేను అతని మోచేతి మీద చెయ్యి వేసి కాసేపు అలాగే కూచున్నాను. అచ్చయ్య వచ్చి రెండో మోచేతి దగ్గర కూచున్నాడు.

ఇంకొకటి చెప్పాలి. అక్కడి రాళ్ళకి చివర్లలో వంపు తిరిగిన గాడులు ఉన్నాయి, గుర్రపు నాడా ఆకారంలో. అవి ఎందుకో నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. నడుముకి చుట్టుకున్న తాడు విప్పి గాడిలో వేసి చూపించాను. మోకు అందులో పడుకుంటుంది, రాయి పైకి లేస్తుంది, రాయి కూచున్నాక మోకు లాగేసుకుంటారు. ముసలాయన గట్టిగా నవ్వి నా వీపు చరిచి, తన సంచిలోంచి రొట్టె తీసి సగం పెట్టాడు. మోకులతో, కప్పీలతో, ఒట్టి చేతులతో ఆ కొండల్ని ఎత్తారు మావా. మన దగ్గర సరుకెత్తే వించీ చెడితే మూడు ఓడలవాళ్ళు తలపట్టుకుంటారు. ఆ గుడి చుట్టూ తిరిగినంతసేపూ నేను ఓహో ఓహో అంటూనే ఉన్నానని అచ్చయ్య ఇప్పటికీ ఎగతాళి చేస్తున్నాడు.

తరవాత అడిగాను. ఇంత కట్టి ఎందుకు ఆపేశారు అని. సముద్రం అవతలినించి శత్రువులు వచ్చి ఊరు కొల్లగొట్టారట. కప్పు పడనే లేదట. నాకు చాలా జాలేసింది. "పాపం, మరి దేవుడు? అన్నేళ్ళూ పూజ లేకుండా ఎక్కడ కూచున్నాడు?" అన్నాను. ఆ దేవుడు పిడుగు పట్టుకునేవాడట, మన ఇంద్రుడి లాంటివాడు. ఆసామి నా ప్రశ్న ముసలాయనకి చెప్పాడు. ముసలాయనకి నా ప్రశ్నే వింతగా తోచినట్టుంది. గుడి ముందుకి తీసుకెళ్ళి ఒక పెద్ద రాతి అరుగు చూపించాడు. అది బలిపీఠం. ఆరుబయట, ఆకాశం కింద. పూజలూ, బలులూ, పండగలూ అన్నీ అక్కడేనట. గోడలు లేస్తున్నప్పుడూ అక్కడే, పని ఆగినప్పుడూ అక్కడే. కప్పు కోసం దేవుడూ ఆగలేదట, జనమూ ఆగలేదట.

నేను ఆ అరుగు మీద సముద్రం వైపు తిరిగి కూచున్నాను. నీళ్ళు నీలంగా మెరుస్తున్నాయి. మావా, నాకు అప్పుడు పజుండౌంగ్ కాలవ పక్కన మన గుడి కళ్ళ ముందు నిలిచింది. నాలుగు గోడలు, వెదురు పరంజా, పైన ఏమీ లేదు. పక్కన రేకుల పాకలో పైడితల్లి.

ఇక్కణ్ణుంచి రాసేది మీకు తెలిసినదే. అయినా ఒకసారి నా నోటితో చెప్పనివ్వండి. చిన్నప్పుడు గంగాభవానికి అమ్మవారు పోసింది. అత్త ఆ జబ్బుతోనే పోయింది. పిల్లైనా దక్కాలని మీరు వేపమండల మధ్య కూచుని మొక్కుకున్నారు. తల్లీ, రంగంలో నీకు గుడి కడతాను, గుడి పూర్తయ్యేదాకా నా ఇంట పెళ్ళిపందిరి వెయ్యను అని. పిల్ల దక్కింది. అమ్మ పోయి నేను మీ పంచన చేరాక, గంగ నాదేనని మీరే అన్నారు. ఓడ రాని రోజల్లా జట్టంతా కలిసి ఇటికలు మోశాం, గోడలు లేచాయి. కప్పు దగ్గరే వచ్చింది తంటా అంతా. ఒకసారి టేకు దూలాలు ఎక్కించాక ఎత్తు చాలదని మీరే దింపించారు. ఇంకోసారి శిఖరం సగం లేచాక విప్పించారు. బంగారు పగోడా ఉన్న ఊళ్ళో, చెట్టియార్ల గుళ్ళున్న ఊళ్ళో మన తల్లి శిఖరం ఓడ మీంచి కనబడకపోతే మన జట్టుకి తలవంపులు కాదా అన్నారు. అలా తల్లి పాకలో కూచుంది, గంగ ఇంట్లో కూచుంది, నేను జెట్టీ మీద కూచున్నాను.

ఓడెక్కిన రోజున దేశాలు చూసొస్తానని నలుగురిలో కోతలు కోశాను. దేశాల కోసం ఎక్కలేదు. మీ మీద అలిగి ఎక్కాను. మీరు జెట్టీ దాకా రాలేదు. వస్తే దిగిపోతాననుకున్నారో, వచ్చినా దిగననుకున్నారో నాకు తెలీదు. ఇంకో సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. లండన్‌లో ఓడ అడుగు గీకి రంగులేస్తారు. మే నెలాఖరుదాకా అక్కడే ఉంటాం. అప్పుడు కొందరిని రంగం వచ్చే ఓడలోకీ, కొందరిని రెండేళ్ళదాకా తూర్పు మొహం చూడని ఓడలోకీ మారుస్తారు. నేను రెండో ఓడకి పేరు ఇచ్చేశాను. గంగకి వేరే సంబంధం చూసుకోండి అని మీకు రాద్దామనే ఈ కాగితం కొన్నాను. చదివేవారు ఇక్కడ కాసిని మంచినీళ్ళు తాగాలి. మిగిలింది కొంచెమే.

ఆ రాతి అరుగు మీద కూచున్నప్పుడు నాకు ఒకటి జ్ఞాపకం వచ్చింది. భీమిలి దగ్గర మనూళ్ళో ఊరితల్లికి కప్పు లేదు. నేను మీ భుజం మీద కూచుని చూశాను. వాన పడుతోంది, తల్లి మొహం మీంచి నీళ్ళు కారుతున్నాయి. తల్లి తడిసిపోతోంది, గొడుగు పట్టు మావా అని నేను ఏడిచాను. మీరు నవ్వి "తల్లికి ఆకాశవే గొడుగురా" అన్నారు. మన వైపు తల్లులు చాలామంది అలాగే కూచుంటారు కదా. కప్పు వేస్తే ఒప్పుకోరని పెద్దలు చెప్పుకుంటారు కదా. ఆ మాట రంగం వచ్చి, అక్కడి బంగారం చూసి, మనందరం మరిచిపోయాం.

తల్లి మనసు చెప్పేటంతవాణ్ణి కాను. మీరే అడగండి. తల్లి ఇంకా ఆగమంటే రెండో ఓడ ఎక్కుతాను. ఇప్పుడైతే అలిగి కాదు, మీ మొక్కుకి అడ్డం రాకూడదని. ఏ సంగతో లండన్‌కి రాయించండి. ఓడ పేరూ రేవు పేరూ వెనకవైపు రాశాను.

ముసలాయన వచ్చేటప్పుడు నాకు ఒక పచ్చటి పువ్వు ఇచ్చాడు. చదివేవారి కోసం ఇందులో పెడుతున్నాను. గంధకం దుమ్ము అంటుకుని ఉంటుంది, కళ్ళకి తగలనివ్వొద్దు.

మీ మేనల్లుడు, మీ ఇంటి కుర్రాడు
కూర్మనాథం


పజుండౌంగ్,
రంగం,
1925 ఏప్రిల్ 21

బావకి గంగాభవాని రాస్తున్నది.

ఇది అయ్య ఉత్తరం. అయ్య చెబుతాడు, నేను రాస్తాను. మధ్యమధ్య నా మాటలు కూడా పడతాయి. అయ్యకి చదవడం రాదు గనక ఇక్కడ నా రాజ్యమే.

అయ్య మొదటి మాట ఇది. "కూర్మం, ముందు ఆ సారంగు దగ్గరికెల్లి రెండో ఓడలో నీ పేరు కొట్టించీ. కొట్టించినాకే మిగతాది సదువు." కాబట్టి ఇక్కడ ఆగి, వెళ్ళి కొట్టించుకుని రా. నువ్వు నన్ను మంచినీళ్ళు తాగమన్నావు కదా, ఇది నా బదులు.

నీ ఉత్తరం నీళ్ళ పండగ ముందురోజు వచ్చింది. వీధంతా బర్మావాళ్ళ పిల్లలు అప్పుడే బాల్చీలు తోముకుంటున్నారు. అయ్య అరుగు మీద, జట్టంతా కింద. నువ్వు చెప్పినట్టే గొంతు పెంచి చదివాను. రాతిమనిషి దగ్గర జట్టువాళ్ళు ఈలలు వేశారు. బంగారురాజు లేచి నిలబడి మోచేతులు మడిచి చూపించాడు, అందరూ లేచి మడిచారు, అరుగు ముందు పదిమంది రాతిమనుషులు తయారయ్యారు. రెండో ఓడ దగ్గర నీళ్ళు తాగాను. ఇంకో గ్లాసు తాగాకే మిగతాది చదివాను. ఎవరూ నన్ను తొందరపెట్టలేదు. అంతమందిలో అలాంటి మాట చదివించినందుకు నిన్ను ఎప్పటికీ క్షమించనని అప్పుడు అనుకున్నాను. పువ్వు దొరికాక మనసు మార్చుకున్నాను.

ముగిసాక అయ్య బలిపీఠం ముక్క మళ్ళీ చదవమన్నాడు. గొడుగు ముక్క రెండుసార్లు చదివించుకున్నాడు. తరవాత తలపాగా అరుగు మీదే వదిలేసి లేచి వెళ్ళిపోయాడు. అన్నం పట్టుకుని వెతుక్కుంటూ వెళితే గుడి గోడల మధ్య, ఎండలో, కింద కూచుని ఉన్నాడు. నన్ను చూసి అన్న మాటలు ఇవి. రాయమని చెప్పలేదు, నేనే రాస్తున్నాను.

"గంగా, ఎత్తు సాలదని దూలాలు దింపినాను గదా, అది ఎత్తు కాదే. కప్పు పడితే మొక్కు తీరిపోద్ది, మొక్కు తీరితే నువ్వెల్లిపోతావు. మొక్కు సరిగా తీరకపోతే తల్లే నిన్ను తీసుకుపోద్ది. ఎలగ సూసినా ఇల్లు కాళీయే. ఏటి సెయ్యను సెప్పు?"

బావా, నాకు ఊహ తెలిసినప్పటినించీ అయ్యని ఎవరూ ఎదురు చెప్పలేని మేస్త్రీగానే చూశాను. అంత భయం మోస్తున్నాడని నాకు తెలీదు. నా మొహం మీద ఈ మచ్చలు చూసినప్పుడల్లా నాకు అద్దం మీద కోపం వచ్చేది. ఆయనకి ఆ మచ్చల్లో మొక్కు కనబడేదన్నమాట. పక్కన కూచుని అన్నం కలిపి ముద్దలు పెట్టాను. తిన్నాడు.

మర్నాడు పొద్దున్నే అయ్య జట్టుని పిలిచాడు. పరంజా విప్పించాడు. పని మానేస్తున్నాడేమోనని అందరూ మొహాలు చూసుకున్నారు. మోకులు తెప్పించి, తల్లి రాతిని పాకలోంచి ఎత్తించి, గోడల మధ్య నడిమికి చేర్చాడు. ఎవరి అడుగూ తడబడలేదు, నువ్వుంటే బాగుండేది. తరవాత అందరికీ వినబడేలా అన్నాడు. "తల్లీ, నీకు కప్పు కావాలంటే నా ఒంట్లో ఓపికున్నంతవరకూ కడతాను. అక్కర్నేదంటే, ఇదే నీ గుడంటే, కుడిపక్కకి పువ్వు ఇడిచీ."

మన ఆచారం నీకు తెలుసు కదా, అడిగే పువ్వు ఇంటి కన్నెపిల్లే పెట్టాలి. అందరూ నా వైపు చూశారు. పండగరోజు, బజారులో మందారాలు దొరకలేదు. పక్కింటి బర్మావిడ డా మ్యా కొప్పులో పెట్టుకున్న పదౌక్ పూలగుత్తి తీసి నా చేతిలో పెట్టింది. పచ్చటి పూలు. ఏడాదిలో ఈ రోజుల్లోనే పూస్తాయి. నీ ముసలాయన ఇచ్చిన పువ్వు రంగే. పెట్టాను. అయ్య కళ్ళు మూసుకున్నాడు. కాలవ మీంచి కొంచెం గాలి వచ్చింది. పువ్వు కుడిపక్కకి పడింది.

ఆ తరవాత అరుపులూ డప్పులూ నీకు చెప్పక్కర్లేదు. డా మ్యా వెండిగిన్నెలో నీళ్ళు పట్టుకుని గుమ్మంలో నిలబడి, "పండగనాడు మేం బుద్ధుడి తల మీద నీళ్ళు పోస్తాం. మీ అమేకి కూడా పొయ్యొచ్చా?" అని అడిగింది. వాళ్ళ మాటలో అమే అంటే అమ్మ. అందరూ అయ్య వైపు చూశారు. అయ్య "పొయ్యి తల్లీ, నీకూ అమ్మే" అన్నాడు. నీళ్ళు తల్లి మొహం మీంచి కారుతుంటే అయ్య తలెత్తి ఆకాశం చూసి నవ్వాడు. అలా నవ్వడం నేను చూడలేదు బావా. నువ్వు భుజం మీద కూచుని చూసిన నవ్వు అదే అయుంటుంది.

గుమ్మం పక్క గోడ మీద బస్తా మోసేవాడి బొమ్మ ఒకటి వేయించాలని జట్టు తీర్మానం. మొహం ఎవరిదన్న దగ్గర రోజూ తగువే. బంగారురాజు తన ముక్కు బాగుంటుందంటాడు. నాకైతే నీ రాతిమనిషిలా మొహం లేకుండా వదిలెయ్యడమే మేలనిపిస్తోంది.

ఇక అయ్య చెప్పేది. "శ్రావణంలో ముగూర్తం పెట్టిస్తాను. పెళ్ళి తల్లి ముందరే, గోడల మద్దినే. రంగంలో శ్రావణవంటే వాన కారిపోద్ది. తల్లి తడుత్తాది, మనకేటి రోగం? అందరం తడుద్దుం. పెళ్ళయినాక నువ్వు ఓడెక్కుతావో, జెట్టీ మీద నా పక్కన నిలబడతావో నీ ఇష్టం. ఒక్కటే అడుగుతున్నాను. ఓడెక్కితే ఈ ఇంటినించి ఎక్కు, దిగితే ఈ ఇంటికి దిగు. నానీసారి జెట్టీ దాకా వొత్తాను."

అయ్య చుట్ట వెలిగించుకోడానికి వీధిలోకి వెళ్ళాడు. ఈ లోపల నా మాట ఒకటి రాసేస్తాను. ఎవరికీ చెప్పకు, అచ్చయ్యకైతే అసలే చెప్పకు. పువ్వు నేను తల్లి నడినెత్తి మీద పెట్టలేదు. కుడివైపు బాగా అంచుకి పెట్టాను. గాలి పడేసిందో, తల్లి విడిచిందో, నేనే పడేటట్టు పెట్టానో నాకే తెలీదు. తల్లితో మనసులో ఒకటే అన్నాను. నువ్వు నన్ను బతకనిచ్చావు, ఇప్పుడు బతకనీ అని. తప్పంటావా? నాకు తప్పనిపించడం లేదు.

అయ్య వచ్చాడు. రాసిందంతా చదవమన్నాడు. పైన ఎవరికీ చెప్పకన్న ముక్కంతా దాటేసి చదివాను. విని, చుట్ట పక్కన పెట్టి, "పువ్వు సంగతి రాయనేదేటి?" అన్నాడు.

రాశాను కదా అయ్యా, కుడిపక్కకి పడిందని చదివాను కదా అన్నాను.

"అది కాదే. అంచుకి పెట్టినావు, అది రాయి. నాను కళ్ళు మూసుకున్నాననుకున్నావా? రాయి మరి, నాను సెప్పినట్టే రాయి. తల్లి సూసింది, నానూ సూసినాను. తల్లి ఏటీ అన్నేదు. నానేటంటాను?"

అని చుట్ట తీసుకుని గుడివైపు వెళ్ళిపోయాడు. నా మొహం ఎక్కడ పెట్టుకోను బావా? తొందరగా రా.

నీ
గంగాభవాని